జపాన్ నౌకాదళ ఫ్లోట్‌ప్లేన్ దళాల చరిత్ర తవ్వాలంటే: ఏ కాగితం ఎక్కడ, చదివేదెలా

రన్‌వే అక్కర్లేదు, అలలు తక్కువగా ఉన్న మడుగు చాలు. చక్రాల బదులు ఫ్లోట్లు కట్టుకున్న విమానాలను జపాన్ నౌకాదళం పసిఫిక్ అంతటా వాడడానికి కారణం అదే. అల్యూషన్ దీవుల మంచులో, సాలమన్ దీవుల ఉక్కలో, ఆంబోన్ రేవులో అవే విమానాలు కనిపిస్తాయి. ఇంత వాడినా వాటి దళాల చరిత్ర రాసిన చోటల్లా తప్పులే ఎక్కువ. కాగితాలు లేక కాదు. దళం పేరు పొరబడడం, గడియారం పొరబడడం అనే రెండింటి వల్లే ఆ తప్పుల్లో సింహభాగం వస్తుంది. ఈ రెండూ దిద్దుకుంటే మిగతాది ఓపికతో అయ్యే పని.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

"సాలమన్ దీవుల్లో జపాన్ ఫ్లోట్‌ప్లేన్లు" అని మొదలుపెడితే ఏడాదికీ తేలదు. ఒక దళం, ఒక స్థావరం, ఒక నెల అనుకోండి. ఇక్కడ ఉదాహరణగా "1942 నవంబర్ మొదటి వారంలో షార్ట్‌లాండ్ దీవుల నుంచి ఎగిరిన ఫ్లోట్ ఫైటర్లు ఎవరివి, నవంబర్ 7న వాటికి ఏమైంది?" అన్న ప్రశ్న తీసుకుందాం. చిన్న ప్రశ్నే, కానీ ఈ పనిలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

విమానం ఏ గూటిదో తేల్చండి

జపాన్ ఫ్లోట్‌ప్లేన్‌కు నాలుగు గూళ్లు. ఏ గూటిదో తెలియకుండా కాగితం వెతకడం గాలిలో దీపం పెట్టినట్టే.

మొదటి గూడు యుద్ధనౌకలు, క్రూయిజర్లు. కాటాపుల్ట్ (విమానాన్ని విసిరే యంత్రం) మీంచి ఎగరేసే ఒకటి నుంచి ఐదారు విమానాలు వీటిలో ఉంటాయి. రెండోది సీప్లేన్ టెండర్లు, అంటే ఫ్లోట్ విమానాలను మోసుకెళ్లి నడిపే ఓడలు. చితోసె, చియోదా, మిజుహో, నిష్షిన్ నౌకాదళం కోసమే కట్టినవి. కమికావా మారు, కియోకావా మారు, కిమికావా మారు, కునికావా మారు మాత్రం కవాసాకి కిసెన్ కంపెనీ సరుకు ఓడలు. వాటిని తీసుకుని మార్చారు. మూడోది ఒడ్డున స్థావరం పెట్టుకున్న దళాలు. వీటిని కోకూతాయ్ అంటారు, మాటల్లో కుదించి "కు" అంటారు. నాలుగోది జలాంతర్గాములు. మడిచి గొట్టంలో పెట్టిన ఒక్క విమానంతో ఇవి తిరిగేవి. 1942 సెప్టెంబర్ 9న ఐ-25 నుంచి ఎగిరి ఆరెగాన్ అడవుల మీద బాంబులు వేసింది అలాంటిదే.

వీటి పైన తాత్కాలికంగా కలిపి కట్టిన దళాలు ఉంటాయి. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 1942 ఆగస్టు 28న షార్ట్‌లాండ్ కేంద్రంగా "ఆర్ ఏరియా వైమానిక దళం" ఏర్పడింది. 11వ సీప్లేన్ టెండర్ విభాగం అధిపతి రియర్ అడ్మిరల్ జోజిమా తకాత్సుగు దాన్ని నడిపాడు. చితోసె, కమికావా మారు, సాన్యో మారు, సానుకి మారు విమానాలన్నీ ఒకే చెరువులో దిగి, ఒకే దాడికి కలిసి వెళ్లేవి. అంటే ఒకే రోజు ఒకే దాడిలో పాల్గొన్న విమానాల లెక్క నాలుగు నౌకల దస్త్రాల్లో, పైన ఆర్ ఏరియా దస్త్రంలో విడివిడిగా ఉంటుంది. ఒక్క నౌక కాగితం చూసి "ఆ రోజు మూడే ఎగిరాయి" అని రాసేస్తే తప్పులో కాలేసినట్టే.

దళం మొత్తం నాశనమైతే దాని కాగితాలు కూడా దానితోనే పోతాయి. 1942 ఆగస్టు 7న సాలమన్ దీవుల్లోని తులగి దగ్గర యోకోహామా కు పెద్ద ఫ్లయింగ్ బోట్లను (పడవలాంటి దేహంతోనే నీటిలో దిగే విమానాలను), ఫ్లోట్ ఫైటర్లను లంగరు మీదే అమెరికా విమానవాహక నౌక వాస్ప్ ఫైటర్లు తగలబెట్టాయి. స్థావరంలోని సిబ్బందిలో దాదాపు అందరూ ఆ తర్వాతి రోజుల్లో చనిపోయారు. అలాంటప్పుడు ఒక మెట్టు పైకి వెళ్లండి. యోకోహామా కు అప్పుడు రబౌల్‌లోని 25వ ఎయిర్ ఫ్లోటిల్లా కింద ఉంది కాబట్టి ఫ్లోటిల్లా యుద్ధ దినచర్యలో, దానికి చేరిన టెలిగ్రాముల్లో వెతకాలి.

నంబరు విప్పడం

1942 నవంబర్ 1 అనే తేదీని గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ రోజు జపాన్ నౌకాదళం తన వైమానిక దళాల పేర్లను ఒక్కసారిగా మార్చింది. ఊరి పేర్లు, ఒకటి రెండు అంకెల నంబర్లు పోయి మూడంకెల నంబర్లు వచ్చాయి. యోకోహామా కు 801 అయింది. తోకో కు 851 అయింది. 14వ కు 802 అయింది. అల్యూషన్ దీవి కిస్కాలోని 5వ కు 452 అయింది.

మూడంకెల నంబర్లో ప్రతి అంకెకీ అర్థం ఉంది. వందల స్థానం పని చెబుతుంది: 4 అంటే ఫ్లోట్‌ప్లేన్లు, 8 అంటే ఫ్లయింగ్ బోట్లు, 9 అంటే తీర రక్షణ, ఓడల కాపలా. పదుల స్థానం ఏ నౌకాదళ జిల్లాకు చెందినదో చెబుతుంది: 0 నుంచి 2 వరకు యోకోసుకా, 3, 4 కురె, 5 నుంచి 7 ససెబో, 8, 9 మైజురు. ఒకట్ల స్థానం బేసి అయితే శాశ్వత దళం, సరి అయితే యుద్ధం కోసం ప్రత్యేకంగా పెట్టింది.

452ని ఇలా విప్పి చూడండి: ఫ్లోట్‌ప్లేన్ దళం, ససెబో జిల్లా, ప్రత్యేక దళం. ఆంబోన్‌లో ఉన్న 934: కాపలా దళం, కురె, ప్రత్యేకం. ఈ లెక్క కుదరని నంబరు ఏ పుస్తకంలోనైనా కనిపిస్తే ముందు అచ్చుతప్పును అనుమానించండి. అయితే ఒక మెలిక: వందల అంకె చూసి విమానం రకం తేల్చేయకండి. 802 పేరుకు ఫ్లయింగ్ బోట్ల దళమే అయినా దానిలో ఫ్లోట్ ఫైటర్లూ ఉన్నాయి. 934 కాపలా దళం, కానీ ఫైటర్లతో ఆస్ట్రేలియా బ్యూఫైటర్ విమానాల మీద పోరాడింది.

అదే నవంబర్ 1న సైనికుల హోదాల పేర్లు కూడా మారాయి. అక్టోబర్‌లో "రెండో తరగతి" పెటీ ఆఫీసర్‌గా ఉన్నవాడు నవంబర్‌లో "మొదటి తరగతి"గా కనిపిస్తాడు. అది ప్రమోషన్ కాదు, పేరు మార్పు మాత్రమే. పాత మొదటి తరగతికి "జోతో", అంటే ఉన్నత తరగతి, అని పేరు పెట్టారు. ఇది గమనించక ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెట్టిన జాబితాలు ఉన్నాయి. చనిపోయినవాళ్లకు మరణానంతరం ఒక హోదా పెంచడం రివాజు కాబట్టి సమాధి జాబితాలో హోదా ఒక మెట్టు పైనే ఉంటుంది. రోజువారీ కాగితంలో ఉన్న హోదానే మీ పట్టికలో రాసుకోండి.

విమానాలను గుర్తుపట్టడం

మిత్రరాజ్యాల కోడ్ పేర్లలో ఫైటర్లకు, ఫ్లోట్ పరిశీలక విమానాలకు మగ పేర్లు, బాంబర్లకు, ఫ్లయింగ్ బోట్లకు ఆడ పేర్లు పెట్టారు. మీకు తరచూ తగిలేవి ఇవి:

రూఫ్: నకాజిమా ఎ6ఎం2-ఎన్, జపాన్ పేరు టైప్ 2 ఫ్లోట్ ఫైటర్, కుదించి "సుయిసెన్". జపాన్ నౌకాదళ ఫైటర్ విమానం జీరోకే ఫ్లోట్లు కట్టారు. ఒకే రెక్క, మధ్యలో ఒక పెద్ద ఫ్లోట్, ఒకే మనిషి. రెండు 20 మి.మీ. ఫిరంగులు, రెండు 7.7 మి.మీ. మరతుపాకులు. మొత్తం 327 తయారయ్యాయి.

పీట్: మిత్సుబిషి ఎఫ్1ఎం2, కుదించి "రెయికాన్". రెండు రెక్కలు ఒకదానిమీద ఒకటి, మధ్యలో ఒక ఫ్లోట్, ఇద్దరు మనుషులు. ముందు రెండు 7.7, వెనక ఒక 7.7. రెండు 60 కిలోల బాంబులు.

జేక్: ఐచి ఇ13ఎ. ఒకే రెక్క, కింద రెండు ఫ్లోట్లు, ముగ్గురు మనుషులు. దూరం వెళ్లి వెతకడం దీని పని.

ఇవి కాక పాతవి డేవ్, ఆల్ఫ్, తర్వాత వచ్చిన రెక్స్ ఉన్నాయి. రెక్స్ అంటే కవానిషి క్యోఫూ, 97 మాత్రమే తయారయ్యాయి. జపాన్ "టైప్" సంఖ్య వాళ్ల సామ్రాజ్య సంవత్సరం చివరి అంకెలు. 2594 అంటే 1934 కాబట్టి టైప్ 94, 2600 అంటే 1940 కాబట్టి టైప్ 0, 2602 అంటే 1942 కాబట్టి టైప్ 2. అందుకే "టైప్ 0" అన్నంత మాత్రాన అది జీరో ఫైటర్ అనుకోకండి. జేక్, పీట్ రెండూ టైప్ 0లే.

అమెరికా పైలట్ల రిపోర్టుల్లో రకం పేరును నమ్మకండి. "ఫ్లోట్ జీరో" అని రాసింది రూఫ్ కావచ్చు, రెండు ఫ్లోట్ల జేక్ కావచ్చు. కోడ్ పేర్లు 1942 రెండో సగంలో గానీ వాడుకలోకి రాలేదు కాబట్టి సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ పోరు తొలి వారాల రిపోర్టుల్లో అవి వెతికినా దొరకవు. రకం తేల్చే గట్టి సాక్ష్యం జపాన్ కాగితంలో ఖర్చైన తూటాల గడి. అక్కడ 20 మి.మీ. గుళ్లు ఖర్చు రాసి ఉంటే, 1942లో అది రూఫే. పీట్‌కు ఆ ఫిరంగి లేదు.

జాకార్‌లో వెతకడం

జపాన్ ప్రభుత్వం 2001లో మొదలుపెట్టిన ఆసియా చారిత్రక దస్త్రాల కేంద్రాన్నే జాకార్ అంటారు. ఇంట్లో కూర్చుని చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు. నౌకాదళ దస్త్రాలు జపాన్ రక్షణ అధ్యయన సంస్థవి. వాటి సూచిక కోడ్ "సి" అక్షరంతో మొదలై 11 అంకెలు ఉంటుంది. మనకు కావలసినవి మూడు రకాలు:

సెన్‌జి నిష్షి, అంటే దళం యుద్ధ దినచర్య. నెలవారీగా, ఎవరు ఎక్కడ, ఎన్ని విమానాలు పనిచేసే స్థితిలో ఉన్నాయి, వచ్చిన పోయిన టెలిగ్రాములు.

సెంతో షోహో, అంటే ఒక పోరుపై సవివర నివేదిక.

హికోకితాయ్ సెంతో కోదో చోషో, అంటే ప్రతి ఎగురుడుకూ నింపిన పట్టిక. ఇది బంగారం. ఇకముందు దీన్ని కోదో చోషో అందాం. చాలా వాటి కోడ్ సి08051తో మొదలవుతుంది.

ఇంగ్లిష్ పేజీ ఉంది గానీ ఇంగ్లిష్ పదాలతో వెతికితే సగం జారిపోతాయి. జపనీస్ లిపిలోనే వెతకాలి. జపనీస్ టైప్ చేయడం రాకపోతే చిట్కా ఇది: వికీపీడియాలో ఆ దళం లేదా విమానం ఇంగ్లిష్ పేజీ తెరిచి, పక్కన భాషల జాబితాలో జపనీస్ నొక్కి, శీర్షికను కాపీ చేసి జాకార్ గడిలో అతికించండి. "కోకూతాయ్", "కోదో చోషో", "సెన్‌జి నిష్షి" పదాలను కూడా ఒకసారి ఇలా సంపాదించి ఒక ఫైల్లో దాచుకుంటే పదేపదే పనికొస్తాయి. పేరు పూర్తిగా ఇస్తే దొరక్కపోతే కుదించి ఇవ్వండి. "కోకూతాయ్" బదులు దాని మొదటి అక్షరం "కు" ఒక్కటి పెడితే బయటపడే దస్త్రాలు ఉంటాయి. ప్రతి దస్త్రం మొదటి 300 అక్షరాలను జాకార్ వాళ్లు టైప్ చేసి ఉంచారు కాబట్టి వెతుకులాట ఆ ముక్కలోనూ సాగుతుంది. ఆ తర్వాతి పేజీల్లో ఏముందో వెతుకులాటకు అందదు. పేజీలు తిప్పి కళ్లతో చూడాల్సిందే.

నంబరు మారిన కాలాన్ని వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. మన ఉదాహరణకు 14వ కు, 802 కు రెండూ కావాలి. వాటితో పాటు కమికావా మారు, ఆర్ ఏరియా దళం.

డౌన్‌లోడ్ చేసిన ప్రతి ఫైల్‌కూ అప్పటికప్పుడే పేరు పెట్టండి: సూచిక కోడ్, దళం, ఏడాది-నెల. నోట్స్‌లో కోడ్‌తో పాటు చిత్రం నంబరు కూడా రాయండి. అసలు కాగితం మీద చేత్తో వేసిన పేజీ నంబరు వేరు, జాకార్ చిత్రం నంబరు వేరు. ఒకటే రాసుకుంటే ఆరు నెలల తర్వాత మీ పేజీ మీకే దొరకదు.

1944 నుంచి కాగితాలు పలచబడతాయి. 1945 ఆగస్టులో లొంగిపోయేటప్పుడు జపాన్ సైన్యం గుట్టలకొద్దీ దస్త్రాలు కాల్చేసింది. మిగిలినవి అమెరికాకు పట్టుకుపోయి 1958లో తిరిగి ఇచ్చారు.

కోదో చోషో ఒక పేజీ

పేజీ తెరవగానే కళ్లు తిరుగుతాయి. నిలువు గీతల ఫారం, చేతిరాత, కొన్నిచోట్ల సైక్లోస్టైల్ సిరా చెరిగి ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. ఫారం దాదాపు ఎప్పుడూ ఒకటే, మీకు కావలసిన పదాలు నలభైకి మించవు.

తేదీ "షోవా" సంవత్సరంలో ఉంటుంది. దానికి 1925 కలిపితే మన సంవత్సరం. షోవా 17 అంటే 1942. అంకెలు చైనా అక్షరాల్లో ఉంటాయి. ఒకటి ఒక అడ్డగీత, రెండు రెండు గీతలు, మూడు మూడు గీతలు, పది కూడిక గుర్తులా ఉంటుంది. చేతిరాతలో రెండుకీ మూడుకీ తేడా సిరా చుక్కంత. అనుమానం వస్తే ముందు పేజీ, తర్వాతి పేజీ తేదీలు చూసి తేల్చండి.

తర్వాత పని ఏమిటో ఉంటుంది: ఓడల కాపలా, వెతుకులాట, దాడి, జలాంతర్గాముల వేట. దాని కింద విమానానికి ఒక వరుస. వరుసలో సోజు అంటే పైలట్, తెయిసాత్సు అంటే పరిశీలకుడు, దెన్షిన్ అంటే వైర్‌లెస్. ఒక వరుసలో ఎన్ని పేర్లు ఉన్నాయో లెక్కపెడితే విమానం రకం సగం తేలిపోతుంది: ఒకటైతే రూఫ్, రెండైతే పీట్, మూడైతే జేక్. విమాన నాయకుడు పైలటే కావాలని లేదు. జేక్‌లో మధ్య సీటు పరిశీలకుడు నాయకుడై ఉండొచ్చు.

నష్టాల గడిలోని మాటలు బట్టీ పట్టండి. మికికాన్ అంటే తిరిగి రాలేదు. ఫుజిచాకుసుయి అంటే తప్పనిసరై నీటిలో దిగింది. తైహా, చూహా, షోహా అంటే భారీ, మధ్యస్థ, స్వల్ప నష్టం. జిబాకు అన్న మాట దగ్గర జాగ్రత్త. అక్షరాలా "తనను తాను పేల్చుకోవడం" అని ఉంటుంది. యంత్ర అనువాదం దాన్ని ఆత్మాహుతి చేస్తుంది. అసలు అర్థం, కూలిపోవడం తోటివాళ్లు చూశారు అని. ఆత్మాహుతి దాడులు మొదలవడానికి రెండేళ్ల ముందు కాగితాల్లో కూడా ఆ మాట నిండా ఉంది.

ఊళ్ల పేర్లు కొన్నిసార్లు అక్షరాల కోడ్‌లో ఉంటాయి: ఏఎఫ్ మిడ్‌వే, ఆర్ఆర్ రబౌల్, ఆర్‌ఎక్స్‌ఎన్ గ్వాడల్‌కెనాల్.

మనుషుల పేర్లను మీకు తోచినట్టు చదివి ఊరుకోకండి. ఒకే అక్షరాలను రెండు మూడు రకాలుగా పలకొచ్చు. ఆర్ ఏరియా అధిపతి పేరే ఇంగ్లిష్ పుస్తకాల్లో జోజిమా, జోషిమా అనీ, తకాజి, తకాత్సుగు అనీ రకరకాలుగా ఉంది. నోట్స్‌లో అసలు అక్షరాలను అలాగే కాపీ చేసి, ఉచ్చారణ పక్కన రాసుకోండి. ఓడలతోనూ ఇదే తంటా: కమికావా, కియోకావా, కిమికావా, కునికావా అన్నీ "నది"తో ముగుస్తాయి, రోమన్ లిపిలో ఒక అక్షరం అటూఇటైతే ఓడ మారిపోతుంది. కిమికావా మారు అల్యూషన్లలో పనిచేస్తే, కమికావా మారు షార్ట్‌లాండ్‌లో ఉంది.

ఫోన్ కెమెరా అనువాదం అచ్చు పుస్తకాలకు బాగానే పనిచేస్తుంది, ఈ చేతిరాత మీద పెద్దగా నమ్మడానికి లేదు. అనువాదం చేయించే బదులు ఫారం గళ్లు గుర్తుపట్టడం నేర్చుకోవడమే త్వరగా అయ్యే పని.

గడియారం

జపాన్ నౌకాదళం ప్రపంచంలో ఎక్కడున్నా టోక్యో సమయమే రాసింది. గ్వాడల్‌కెనాల్‌లో అమెరికన్ల గడియారం దానికి రెండు గంటలు ముందు. జపాన్ కాగితంలో ఉదయం 4కు ఎగిరింది అంటే నడిరాత్రి సాహసం అనుకునేరు. షార్ట్‌లాండ్ దగ్గర అది తెల్లారే వేళ, మామూలు డ్యూటీ. డార్విన్ నుంచి వచ్చిన ఆస్ట్రేలియా విమానాల గడియారం టోక్యోకు అరగంట ముందు.

తేదీ రేఖకు అవతల ఇంకా చిక్కు. మిడ్‌వేలో క్రూయిజర్ తోనె నాలుగో నంబరు ఫ్లోట్‌ప్లేన్ అరగంట ఆలస్యంగా ఎగిరింది అన్న సంగతి చాలామందికి తెలుసు. స్థానికంగా అది జూన్ 4 ఉదయం 5 గంటలు. జపాన్ నివేదికలో చూస్తే జూన్ 5, 2 గంటలు. తేడా 21 గంటలు. కిస్కాలోనూ అమెరికా తేదీ ఒక రోజు వెనకే ఉంటుంది. రెండు పక్షాల కాగితాల్లో ఒకే సంఘటన వేర్వేరు తేదీల్లో ఉందని రెండు పోరులుగా రాసినవాళ్లు లేకపోలేదు.

పట్టికలో సమయానికి మూడు గళ్లు పెట్టండి: కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఏ కాలమండలం, గ్రీనిచ్ సమయం. గ్రీనిచ్ గడి ఆధారంగానే వరుస పెట్టండి. కాగితంలోని సమయాన్ని చెరిపి సరిదిద్దడం ఎప్పుడూ వద్దు.

దూరంతో సరిచూడడం ఇంకో మంచి అలవాటు. షార్ట్‌లాండ్ నుంచి గ్వాడల్‌కెనాల్‌లోని హెండర్సన్ ఫీల్డ్ విమానాశ్రయం సుమారు 530 కి.మీ. శాంతా ఇసబెల్ దీవిలోని రెకాటా బే నుంచి సుమారు 250 కి.మీ. ఎగిరిన సమయానికీ పోరు సమయానికీ మధ్య ఎడం ముప్పావు గంటే ఉంటే ఆ విమానం షార్ట్‌లాండ్ నుంచి నేరుగా వచ్చి ఉండదు. రెకాటాలో ఆగి ఉంటుంది, లేదా మీ కాలమండలం తప్పు.

అవతలి పక్షం కాగితాలు, రెండింటినీ కలపడం

అమెరికా నౌకాదళ, మెరైన్ యుద్ధ దినచర్యలు కాలేజ్ పార్క్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు స్కాన్ అయ్యాయి. ఆస్ట్రేలియా స్క్వాడ్రన్ల చరిత్ర షీట్లు అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎ9186 వరుసలో ఉంటాయి. 934 దళం గురించి రాసేవాళ్లు కూమలీ క్రీక్ నుంచి ఎగిరిన 31 స్క్వాడ్రన్ షీట్లు తప్పక చూడాలి. ఆరూ దీవుల్లోని తాబెర్‌ఫానె స్థావరంపై 1943లో వాళ్లు చేసిన దాడులు అందులో ఉన్నాయి. టెండర్ ఓడలు ఏ రోజు ఎక్కడ ఉన్నాయో కంబైన్డ్ ఫ్లీట్ సైట్‌లోని కదలికల పట్టికలు దారి చూపిస్తాయి. వాటిని దారి చూపే రాళ్లుగానే వాడండి, సాక్ష్యంగా కాదు.

జపాన్ అధికారిక చరిత్ర సెన్షి సోషో 102 సంపుటాలు. రక్షణ అధ్యయన సంస్థ సైట్‌లో ఉచితం. సాలమన్ దీవులకు 49, 83, 96. అల్యూషన్లకు 29. మిడ్‌వేకు 43. ఆంబోన్ వైపుకు 54. డచ్ ఈస్టిండీస్, బంగాళాఖాతానికి 26. ఈ సంపుటానికి ఉచిత ఇంగ్లిష్ అనువాదం ఉండడం మనకు కలిసొచ్చిన సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద పడిన బాంబుల కథ వెతికేవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి. ఆ బాంబులు వేసినవి ఫ్లోట్‌ప్లేన్లు కావు, విమానవాహక నౌక ర్యూజో విమానాలు. టోక్యో గడియారం మన గడియారానికి మూడున్నర గంటలు ముందు అన్నది అక్కడా మరవకూడదు.

ఇప్పుడు నవంబర్ 7. అమెరికా వైపు మెరైన్ స్క్వాడ్రన్ వీఎంఎఫ్-121 కాగితాలు తీయండి. ఆ సాయంత్రం జపాన్ డిస్ట్రాయర్ల వరుస మీద దాడికి వెళ్తూ ఫ్లోట్ ఫైటర్లను ఎదుర్కొన్నారు. కెప్టెన్ జోసెఫ్ ఫాస్ ఖాతాలో ఆ రోజు మూడు విమానాలు పడ్డాయి. ఒక బైప్లేన్ వెనక తుపాకి దెబ్బకు ఆయన విమానం పాడై మలైటా దగ్గర సముద్రంలో దిగాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. బైప్లేన్, వెనక తుపాకి: అది రూఫ్ కాదు, పీట్ అయి ఉండాలి. అంటే ఫైటర్ల దస్త్రం ఒక్కటే చాలదు, టెండర్ల పీట్ల దస్త్రాలూ కావాలి. స్థానిక సమయంలోంచి రెండు గంటలు తీసేసి జపాన్ వైపు అదే వేళ ఓడల కాపలాకు ఎగిరిన వరుసలు వెతకండి. దళం పేరు మారి వారమే అయింది కాబట్టి 14, 802 రెండింటి కిందా చూడండి. గుమస్తా చేయి పాత నంబరు రాస్తూనే ఉండొచ్చు.

తర్వాత లెక్క. ప్రతి పక్షం తన నష్టాలను తాను రాసుకున్న కాగితాన్నే నష్టానికి సాక్ష్యంగా తీసుకోండి. కూల్చామన్న లెక్కను కూల్చినవాళ్ల కాగితం నుంచి ఎప్పుడూ తీసుకోవద్దు. ఒకే విమానాన్ని ముగ్గురు కాల్చితే మూడు అవుతుంది. ఇది అబద్ధం కాదు, పోరులో ఎవరి కంటికి కనిపించింది వాళ్లది. జపాన్ వైపు గెలుపు లెక్కలూ అంతే. అయితే వాళ్ల మనుషుల పేర్లు రాసి "మికికాన్" అన్న గడిని మాత్రం నమ్మొచ్చు. ఆ పేరు తర్వాతి నెల పేజీల్లో మళ్లీ కనిపించిందా అని చూడండి. కనిపిస్తే సముద్రంలో దిగి బతికి వచ్చాడన్నమాట. ఒక్కోసారి అతన్ని చేర్చుకున్న వేరే దళం దస్త్రంలో పేరు తేలుతుంది.

ఫొటోల విషయం క్లుప్తంగా. తోక మీద కోడ్ చూసి దళం చెప్పాలంటే ముందు ఫొటో తేదీ తెలియాలి, ఎందుకంటే కోడ్లు పలుమార్లు మారాయి. 1942 చివరి తర్వాత చాలా దళాలు తమ నంబరులోని చివరి రెండంకెలు వాడాయి: 934 విమానాల తోక మీద 34 కనిపిస్తుంది. ఫొటో కింద రాసిన వాక్యాన్ని పక్కన పెట్టి, ఫ్లోట్లు ఒకటా రెండా, రెక్కలు ఒకటా రెండా, సీట్లు ఎన్ని అని ముందు మీ కళ్లతో లెక్కపెట్టండి. రూఫ్ పూర్తి రూపంలో ఒక్కటీ మిగల్లేదు. కాబట్టి మ్యూజియంలో రూఫ్ అని ఎవరైనా ఫొటో చూపిస్తే అది క్యోఫూ కాదు కదా అని చూడండి. దానికీ మధ్యలో ఒకటే ఫ్లోట్, కానీ రెక్క దేహానికి నడిమధ్య అతుక్కుని ఉంటుంది. రూఫ్‌కైతే జీరోలాగే దేహం అడుగున ఉంటుంది.